గడప దాటని పెద్ద మంచం

వేములపాడు,
ఆదివారం, గుడి నుంచి వచ్చి అన్నం తిన్నాక.

ప్రియమైన శాంతక్కకు,

నీ చెల్లెలు కరుణ రెండు చేతులూ జోడించి చెప్పే వందనాలు. నువ్వూ, బావగారూ, బుజ్జిగాడూ ఒంట్లో బాగున్నారని తలుస్తాను. బుజ్జిగాడికి దగ్గు తగ్గిందా? ఇక్కడ అమ్మ, నాన్న, నేను దేవుడి కృప వల్ల బాగానే ఉన్నాం. ఈ మాట అలవాటుకొద్దీ రాసింది కాదక్కా, నిజంగానే బాగున్నాం. ముందే ఎందుకు చెబుతున్నానంటే, పోయిన వారం నేను రాసిన ఇన్‌లాండ్ నీకు ఈపాటికి అందే ఉంటుంది. అందులో ఉన్నవి నాలుగే ముక్కలు. "అమ్మకి ఇక్కడ పడటం లేదు. వచ్చి తీసుకెళ్ళమంటోంది. తొందరగా బయలుదేరు. మంచం లోపలికి పోలేదు." చదివి నువ్వు కంగారుపడి ఉంటావు. చివరి ముక్క అర్థం కాక బావగారికి చూపించి ఉంటావు. ఆయన సెలవు పెట్టేసి ఉంటే కాస్త ఆపు. ఈ ఉత్తరం చివరిదాకా చదివాక ఏం చేయాలో నువ్వే అనుకో.

అక్కా, నేనింకా తేరుకోలేదు. "తేరుకోవడం" ఎంత బాగుంది చూడు ఈ మాట! నీళ్ళలో బురద అడుక్కి దిగి పైన తేటపడ్డట్టు. ఖరగ్‌పూర్‌లో మనం ఇంట్లో మాట్లాడే తెలుగులో సగం హిందీ, పావు బెంగాలీ. ఇక్కడ బస్సులో పక్కన కూర్చున్న ముసలమ్మ కూడా నేనెప్పుడూ వినని మాట ఒకటి అలవోకగా అనేసి దిగిపోతుంది. ఉలిక్కిపడటం, బిత్తరపోవడం, అవాక్కవడం, నివ్వెరపోవడం. ఒక్కదానికే ఇన్ని మాటలెందుకని బళ్ళో అనుకునేదాన్ని. ఈ రెండు నెలల్లో అన్నీ వాడుకలోకి వచ్చేశాయి. జూన్‌లో చీరాల కాలేజీలో బి.ఏ.లో చేరతాను కదా, అప్పటిదాకా రోజూ పొద్దున్నే కూర్చుని చదువుకుంటున్నాను. నా చదువు గురించి బెంగపెట్టుకోకు.

ముందు ఊరి సంగతి. చెట్లు లేవక్కా! మన కాలనీలో క్వార్టర్‌కో చెట్టు ఉండేది. ఇక్కడ కనుచూపుమేర నల్లటి నేల, దాని మీద పత్తి, దాని పక్కన మిరప, మళ్ళీ పత్తి. పత్తి చేల మీంచి గాలి వస్తే పురుగుమందు వాసన. నేల తడిగా ఉన్నప్పుడు ఒక్క అడుగు వేస్తే చెప్పు నేలకే ఉండిపోతుంది, కాలు మాత్రం మనతో వస్తుంది. ఇప్పుడు ఎండాకాలం మొదలైంది కాబట్టి అదే నేల చెయ్యి పట్టేంత నెర్రెలిచ్చింది. మనుషులు మాట్లాడితే కొట్టుకుంటున్నారేమో అనిపిస్తుంది. మొదటి రోజు మార్తమ్మ అత్త, అదే మేముంటున్న ఇంట్లోనే ఉండే నాన్న వాళ్ళక్క, పక్కింటావిడతో మాట్లాడుతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని, "పోలీసుల్ని పిలుస్తారేమోనే" అంది. తీరా చూస్తే వాళ్ళు పెరుగు తోడు గురించి మాట్లాడుకుంటున్నారు.

అమ్మ సంగతి నీకు తెలుసు. పుట్టింది ఖరగ్‌పూర్, పెరిగింది ఖరగ్‌పూర్, పెళ్ళయి వెళ్ళింది నాలుగు క్వార్టర్ల అవతలికి. నాన్నకి ఇది పుట్టిన ఊరు, అమ్మకి పరదేశం. వచ్చిన నాటి నుంచీ ఒక్క పనీ ముట్టుకోలేదు. అత్త వంట తినలేక మంచినీళ్ళ చెంబు పక్కన పెట్టుకుని కూర్చునేది. ఒక్కసారి మాత్రం తను ఆవనూనెతో కూర చేస్తే అత్త కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఏమ్మా మరదలా, తలకి రాసుకునేది పొయ్యి మీద పెట్టావేం?" అంది. అమ్మ ఆ కూర తీసి బయట పారబోసింది. ఆ తర్వాత పొయ్యి దగ్గరికే పోలేదు. కల్లంలో మిరపకాయలు ఎండబోస్తుంటే ఆడవాళ్ళందరూ వెళ్ళారు, అమ్మ వెళ్ళలేదు. "నా చేత్తో ఒక్క కాయ ముట్టను. మంచం రానీ, ఆ తర్వాత సంగతి చూద్దాం" అనేది.

అన్నిటికీ మంచం రావాలి. అదొక్కటి వస్తే ఇదే ఇల్లయిపోతుందని నాన్న ఆశ.

ఆ మంచం గురించి మనింట్లో జరిగిన గొడవ నువ్వు మర్చిపోయి ఉండవు. నువ్వు అన్నావు, "ఇంత దూరం మోసుకెళ్ళడమెందుకు నాన్నా, ఇక్కడే అమ్మేసి అక్కడ కొత్తవి చేయించుకోండి" అని. నాన్న అన్నాడు, "రిటైరైనవాడికి రైల్వే వాగను ఊరికే ఇస్తుంటే సామాను అమ్ముకుని పోతే నలుగురూ నవ్వుతారు" అని. ముప్పై ఏళ్ళకి పైగా ఇంజన్ల కింద దూరి పనిచేసిన ఫిట్టరు, ఊరికే వచ్చే వాగనుని వదులుకుంటాడా? కుర్చీలు, బీరువా, బల్ల, నా పుస్తకాల పెట్టె, తులసిమొక్కల కుండీలా కనిపించే ఆ పగిలిన సిమెంటు తొట్టి కూడా ఎక్కించాడు. ఆ పెద్ద మంచమైతే చెప్పక్కర్లేదు. రైలు పట్టాల కింద వేసే పాత స్లీపర్ల చెక్కతో వడ్రంగిని క్వార్టర్లోనే కూర్చోబెట్టి గదిలోనే చేయించాడాయె. మేకులు దిగిన చిల్లులు ఇప్పటికీ వేలు పట్టేంత ఉన్నాయి, మనం చిన్నప్పుడు వాటిల్లో శనగలు దాచుకునేవాళ్ళం కదా. విప్పడానికి దానికి ఒక్క మర లేదు. అంతా బిగించి, జిగురు పోసి, సీలలు కొట్టిన పని. బయటికి తేవడానికి క్వార్టర్ తలుపు రెండు రెక్కలూ ఊడదీయాల్సొచ్చింది.

అప్పుడు బావగారు ఒకే ఒక్క మాట అడిగారు. "మామయ్యా, అక్కడి తలుపు వెడల్పెంత?"

నాన్న రెండు చేతులూ బార చాపి, "నేను పుట్టిన ఇల్లయ్యా అది. ఎడ్లబండి దూరిపోతుంది" అన్నాడు.

నువ్వు అమ్మ వైపు చూశావు. అమ్మ, "మంచం లేకుండా నేను రాను. నేనొస్తున్నదే ఎక్కువ" అంది. మరి ఆ రోజు సాయంత్రమే మంచానికి ఉండే నాలుగు దోమతెర కర్రలూ ఊడబీకి, పాత చీరలో చుట్టి మీ ఇంటికి మోసుకొచ్చి అటక మీద పెట్టించింది కదా. ఎందుకమ్మా, వాగనులో చోటుందిగా అని నువ్వడిగితే, "ఇక్కడే ఉండనీ. నేనొచ్చినప్పుడు కావాలి" అంది. మనమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అది చుట్టపుచూపుగా వచ్చే మనిషి మాట కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు.

సరే, వాగను చీరాల వచ్చిందని కబురు తెలిసిన రోజు నాన్న తెల్లవారకముందే లేచి గడ్డం గీసుకున్నాడు. సామాను ఊళ్ళోకి చేర్చడానికి ఒక ట్రాక్టరు మాట్లాడాడు. మధ్యాహ్నానికి ట్రాక్టరు వచ్చి ఆగింది. అన్నిటికన్నా పైన, నాలుగు కాళ్ళూ ఆకాశంలోకి పెట్టి, మన పెద్ద మంచం. అమ్మ వీధిలోకి పరుగెత్తింది. పరుగెత్తిందంటే నిజంగా పరుగేనక్కా, చెప్పులు కూడా లేవు. మంచం కోడు పట్టుకుని చిన్నపిల్లలా నవ్వింది. వచ్చాక అదే మొదటి నవ్వు.

ఆరుగురు మగవాళ్ళు పట్టి మంచాన్ని గడప దాకా తెచ్చారు. అక్కడ ఆగిపోయింది.

నేరుగా పోలేదు. పక్కకి తిప్పారు, పోలేదు. నిలువుగా లేపారు, గుమ్మం పైకమ్మికి కొట్టుకుంది. కాళ్ళు ముందు, తర్వాత తలవైపు పలక ముందు, ఏం చేసినా ఒక్క కోడు ద్వారబంధానికి అడ్డం పడుతూనే ఉంది. నాన్న చేతులు వదిలేసి ఆ తలుపు ముందు నిలబడిపోయాడు. అక్కా, ఆ తలుపులోంచి నాన్న రోజూ తల వంచుకుని లోపలికి పోతున్నాడు, రోజూ భుజం పక్కకి తిప్పుకుని బయటికి వస్తున్నాడు. అయినా ఆయన కళ్ళకి అది ఎడ్లబండి దూరే తలుపే. పదహారేళ్ళకి ఊరొదిలి రైలెక్కినా, ఆయన మనసులో ఉన్నది పసివాడిగా చూసిన తలుపే. గేజి పట్టుకుని సూదిమొనంత తేడా పట్టేసే మనిషి, సొంతింటి తలుపుని మాత్రం చిన్నప్పటి కళ్ళతో కొలిచాడు.

"ఈ గుమ్మం ఇంత చిన్నదా అక్కా?" అని మార్తమ్మ అత్తని అడిగాడు.

"గుమ్మం అప్పుడూ అంతేరా తమ్ముడూ. నువ్వే అప్పుడు ఇంతున్నావు" అని అత్త మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపించింది.

వీధంతా పగలబడి నవ్వింది. నేను నవ్వలేదు. అవాక్కవడం అంటే ఏమిటో నాకు ఆ క్షణంలో తెలిసింది. అమ్మ కూడా నవ్వలేదు.

సరే, మంచం వీధిలోనే ఉండనీ, పరుపైనా లోపల వేద్దాం అనుకున్నాం. పరుపు కాస్త దుమ్ముగా ఉందని అమ్మ దాన్ని అరుగు మీద వేసి కర్రతో ఒక్కటి కొట్టింది. అక్కా, నేనేం చెప్పను! ఎర్రటి పొగలాంటిది లేచింది. అమ్మ తుమ్మింది, నేను తుమ్మాను, గోడ మీది కోడి తుమ్మింది. కళ్ళు భగభగ. కొంగు తడిపి కళ్ళ మీద వేసుకుంటే కొంగుకి కూడా అంటుకుని ఉందేమో, ఇంకా మంట. సంగతేమిటంటే, ఆ ట్రాక్టరు అంతకుముందంతా మిరపకాయల బస్తాలు తోలింది. తొట్టిలో అడుగున మిగిలిన పొడి అంతా మన పరుపు, దిండ్లు, కుర్చీల మెత్తలు పీల్చుకున్నాయి. తోలినవాడికి తెలియలేదు, ఎత్తినవాళ్ళకి తెలియలేదు. నాన్నకి ఈ ఊరి ముక్కు మళ్ళీ వచ్చేసిందేమో, ఆయనకీ తెలియలేదు.

"ఘాటా? ఎక్కడే?" అని అత్త పరుపు మీద మొహం పెట్టి గట్టిగా వాసన పీల్చింది. "ఏం లేదే! కొత్త గుడ్డ వాసనే." ఆవిడ కంట్లో ఒక్క చుక్క నీరు లేదు! మేం బిత్తరపోయి చూస్తూ ఉండిపోయాం.

అమ్మ నా వైపు తిరిగింది. కళ్ళు రెండూ ఎర్రగా మిరపకాయల్లానే ఉన్నాయి. "పెద్దదానికి రాయి. వచ్చి నన్ను తీసుకెళ్ళమను" అంది. నాన్న అక్కడే ఉన్నాడు. నేను లోపలికెళ్ళి తుమ్ముతూ నీకు ఆ నాలుగు ముక్కలూ రాశాను. నాన్నే పట్టుకెళ్ళి పోస్టు డబ్బాలో వేసొచ్చాడు.

నువ్వు అనుకుంటూ ఉంటావు, "నేను చెప్పలేదా, అమ్మేయమని" అని. నిజమే, ఆ రోజు నువ్వే గెలిచావు. కానీ మర్నాటి సంగతి విను.

పొద్దున్నే నాన్న వడ్రంగి సుబ్బాచారిని వెంటబెట్టుకొచ్చాడు. మంచాన్ని మనుషులు ఇంటి పక్కన నాన్న వాటాకొచ్చిన ఖాళీ స్థలంలో పెట్టారు. దానికి ఆనుకునే అత్తావాళ్ళ మిరప కల్లం. ఎండలో పరిచిన కాయలు చూస్తే నేల మీద ఎర్ర దుప్పటి కప్పినట్టుంటుంది. సుబ్బాచారి మంచం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వేలితో కొట్టి చూసి, "ఏమయ్యా రత్నం, ఇది మంచమా, గూడ్సు బండా?" అన్నాడు.

"నడిమికి కోసి రెండు చెయ్యి ఆచారీ. లోపల మళ్ళీ బోల్టులు బిగిద్దాం" అన్నాడు నాన్న. అమ్మ వైపు చూడకుండా అన్నాడు.

సుబ్బాచారి రంపం తీశాడు. అమ్మ వచ్చి మంచం నడిమధ్యన, బోసి చెక్క మీద, బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"లేవవే" అన్నాడు నాన్న.

"శాంత వచ్చిందాకా లేవను."

"ఖరగ్‌పూర్ నుంచి రావాలంటే ఎన్ని రోజులు పడుతుందో తెలుసా?"

"తెలుసు. నేను రైల్వే కాలనీలో పుట్టినదాన్ని."

సుబ్బాచారి రంపం పక్కన పెట్టి బీడీ వెలిగించాడు. అత్త నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. అప్పటికే కల్లంలో ఆడకూలీలు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. తాలుకాయలంటే రంగు పోయి తెల్లబడ్డ కాయలక్కా, అవి కలిస్తే గుంటూరు మిర్చి యార్డులో సరుకుకి విలువ ఉండదట. రోజంతా ఏరేసరికి వాళ్ళ చేతులు నిప్పులవుతాయి. మజ్జిగ కుండ ఒకటి పక్కనే పెట్టుకుంటారు, మంట పుట్టినప్పుడల్లా అందులో ముంచుతారు. అయినా పోదు. అందుకని పొరపాటున కూడా కన్ను నలుపుకోరు, చెమట పడితే భుజంతో తుడుచుకుంటారు. చంటిబిడ్డల తల్లులైతే మరీ కష్టం. చేతులు కడిగి, మజ్జిగ రాసి, మళ్ళీ కడిగి, అప్పుడు కూడా వేళ్ళు తగలకుండా మోచేతుల మధ్య బిడ్డని ఇరికించుకుని ఎత్తుకుంటారు. నేను మొదటిసారి చూసినప్పుడు బిడ్డ జారిపోతుందని కేక వేయబోయాను.

ఆ వేళ దీనమ్మ అనే అమ్మాయి, నా ఈడే ఉంటుంది, దాని బిడ్డ గుడ్డ ఉయ్యాలలో ఏడుస్తోంది. గాలి ఇటు తిరిగి ఘాటు కొడుతోందేమో, ముక్కు చీదుతూ ఏడుపు. దీనమ్మ లేచి, బిడ్డని మోచేతుల మీద మోసుకుంటూ నేరుగా మంచం దగ్గరికొచ్చింది. వరసలు అడగలేదు, పేరు అడగలేదు.

"పిన్నీ, ఒక్కసారి దీని కళ్ళు తుడువు."

అమ్మ చూస్తూ ఉంది. "నేనా?"

"మా అందరి చేతులూ మిరపకాయలే. ఈ ఊళ్ళో మిరపకాయ ముట్టని చేతులు నీవొక్కదానివే పిన్నీ."

అక్కా, ఆ మాటకి అమ్మ తన చేతులు తను చూసుకుంది. రెండు నెలలుగా పౌరుషంతో ఏమీ ముట్టని చేతులు. తర్వాత బిడ్డని అందుకుంది. నీళ్ళు అడిగింది, కళ్ళు తుడిచింది, ముక్కు తుడిచింది. బుజ్జిగాడికి వేసినట్టే ఒళ్ళో వేసుకుని తొడ ఊపింది. బిడ్డ నిద్రపోయింది.

సుబ్బాచారి బీడీ అయిపోయింది. రంపం అందుకోబోయాడు. అమ్మ, "ష్!" అంది.

ఆయన రంపం కింద పెట్టేశాడు.

కాసేపటికి ఇంకొకామె ఇంకో బిడ్డని తెచ్చింది. తర్వాత ఇంకొకామె. అమ్మ వాళ్ళని అడ్డంగా వరసగా పడుకోబెట్టింది, మనల్ని చిన్నప్పుడు వేసవి సెలవుల్లో పిన్ని పిల్లలతో కలిపి పడుకోబెట్టినట్టు. ఆ మంచం మీద అడ్డంగా ఎంతమంది పడతారో అమ్మకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? ఎండ పడుతోందని నాన్న నాలుగు వాసాలు పాతి తాటాకులు కప్పాడు. ఎవరూ చెప్పకుండానే కప్పాడు. ఆయనకి తోడు సుబ్బాచారే వాసాలు పట్టుకున్నాడు, వచ్చింది కోయడానికైతే చేసిపోయింది పందిరి. పాకే పిల్లాడొకడు స్లీపర్ చిల్లులో వేలు పెట్టి ఎంతకీ తీయడు. అమ్మ వాణ్ణి చూసి, "శాంత కూడా ఇంతే" అని నాతో అంది. సాయంత్రం తల్లులు వచ్చి బిడ్డల్ని మోచేతులతో ఎత్తుకుపోయేదాకా లేవలేదు. శాంత వచ్చిందాకా లేవనన్న మనిషి, బిడ్డలు నిద్రపోతున్నారని లేవలేదు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఇప్పుడు కల్లం మొత్తం అమ్మని "ఖరగ్‌పూర్ పిన్ని" అంటోంది. పొద్దున్నే అమ్మే ముందు లేచి మంచం తుడుస్తుంది. కల్లంలోకి మాత్రం ఇప్పటికీ అడుగు పెట్టదు. ఇప్పుడు పౌరుషం కాదు, చేతులు పాడవుతాయని. అత్త ఒక రోజు పచ్చడి బండ దగ్గరికి రమ్మంటే, "నా చేతులతో పనుంది వదినా" అంది! అత్త నోరు తెరిచి, మూయడం మర్చిపోయింది. ఆ సాయంత్రం అత్తే ఆవనూనె సీసా తెచ్చి పొయ్యి పక్కన పెట్టింది. "ఊరికే కాస్తంత వెయ్యి, నేను ఇంట్లో లేనప్పుడు" అని చెప్పి వెళ్ళిపోయింది.

పరుపు సంగతి మాత్రం నువ్వు చెప్పిందే నిజమైంది. ఎన్ని రోజులు ఎండేసినా, ఎంత దులిపినా లాభం లేదు. చివరికి దూది తీసి అవతల పోశాం. అత్తావాళ్ళ చేలో పత్తి ఉండనే ఉంది, ఏకించి కొత్త పరుపు కుట్టించారు. ఎంత మెత్తగా ఉందో! ఇంత దూరం నుంచి మనం దూది మోసుకొచ్చింది పత్తి చేలల్లోకి. కుర్చీల మెత్తలు కూడా మార్చాం. బీరువా అద్దం పగిలింది. నా పుస్తకాల పెట్టె బాగానే ఉంది, కాకపోతే ఏ పుస్తకం తెరిచినా ఒక తుమ్ము. బావగారికి ఎప్పుడైనా దూరం ట్రాన్స్‌ఫర్ వస్తే చెక్క సామాను తెచ్చుకో, దూది సామాను అక్కడే వదిలెయ్యి. తలుపు మాత్రం ముందే ఎవరిచేతనైనా కొలిపించుకో. ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళ చేత మాత్రం కొలిపించకు.

ఇక అసలు సంగతి. నిన్న పొద్దున జరిగింది.

కల్లం పని ఇంకొన్ని రోజుల్లో అయిపోతుంది. తర్వాత వానలొస్తాయి. ఈ మంచాన్ని ఏం చేయాలి అని పందిరి కింద పెద్ద చర్చ. కోసేద్దామని ఒకరు. గుమ్మం పగలగొట్టి పెద్దది చేద్దామని ఒకరు. "ఎవరికైనా ఇచ్చేసి చక్కగా నులకమంచం అల్లించుకోండి, ఎక్కడికంటే అక్కడికి చంకలో పెట్టుకుపోవచ్చు" అని సుబ్బాచారి. నాన్న అన్నిటికీ తలూపుతున్నాడు. ఆయన కళ్ళు మాత్రం వీధి చివర పోస్టుమాన్ వచ్చే దారి మీద. నీ జవాబు వస్తుందేమోనని రోజూ భయపడుతున్నాడక్కా. నాకు చెప్పలేదు, కానీ సైకిలు గంట వినిపిస్తే చాలు, చేతిలో పని ఆగిపోతుంది.

అమ్మ దీనమ్మ బిడ్డకి ఉగ్గు పడుతూ, తల ఎత్తకుండా అంది. "మంచం గోడల దగ్గరికి పోవడమేంటి? గోడల్నే దీని దగ్గరికి రమ్మనండి."

ఎవరికీ అర్థం కాలేదు.

"అక్కడ గదిలో మంచం చేయించారు. ఇక్కడ మంచం చుట్టూ గది కట్టించండి" అంది.

అక్కా, నాన్న రిటైరవుతున్నాడని తెలిసినప్పటి నుంచీ ఆ స్థలంలో రెండు గదులు వేద్దామని ఎన్నిసార్లు అడిగాడో, "నేను ఉండని ఊళ్ళో ఇల్లెందుకు" అని అమ్మ ఎన్నిసార్లు నోరు మూయించిందో నీకు తెలుసు. నాన్న చేతిలో తాటాకు అలాగే ఉండిపోయింది. నేను నివ్వెరపోయాను. నా దగ్గరున్న మాటల్లో దానికన్నా పెద్దది లేదు, ఉంటే అదే వాడేదాన్ని.

ముందుగా తేరుకుంది అత్త. "ఏమ్మా మరదలా, అంటే ఉంటావా?"

"ఉంటానని నేనన్నానా? గది కట్టమన్నాను."

"గది కడితే ఆ మంచం ఇక ఈ జన్మలో బయటికి రాదు తెలుసా?"

"రాకపోతే పోనీ."

నాన్న లోపలికెళ్ళి, ముగ్గుపిండి డబ్బా తెచ్చి, మంచం చుట్టూ గీత గీయడం మొదలుపెట్టాడు. ఈసారి కొలిచే గీశాడు, టేపుతో, రెండుసార్లు. కింద పరచడానికి మార్టూరు నుంచి రాయి తెస్తానన్నాడు. గడప ఎక్కడ పెట్టాలని అడిగితే అమ్మ, "పిల్లల తల్లులు కల్లం నుంచి నేరుగా వచ్చేట్టు ఇటు పెట్టండి" అంది. అయినా నాకు లోపల అనుమానమే. గది కట్టమన్నది కానీ ఉంటానని అనలేదు కదా. అందుకే ఇవాళ నీకు ఈ ఉత్తరం మొదలుపెట్టినప్పుడు కూడా, బావగారిని సెలవు పూర్తిగా మానుకోమని రాయాలో, కాస్త ఆగమని రాయాలో తేల్చుకోలేక "కాస్త ఆపు" అని రాశాను. పైన చూడు.

ఇదిగో, ఇక్కడిదాకా రాసేసరికి అమ్మ వచ్చి నా వెనక నిలబడింది.

"ఎవరికి? శాంతకేనా?"

"అవునమ్మా."

"ఏం రాశావు?"

"అన్నీ."

అమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంది. తర్వాత అంది. "ఇక్కడ దోమలు ఎక్కువగా ఉన్నాయి. మధ్యాహ్నం కూడా పిల్లల్ని పీక్కుతింటున్నాయి. అటక మీద మన దోమతెర కర్రలున్నాయి, పంపమని రాయి."

నేను కలం ఆపేసి తలెత్తి చూశాను.

"అలా చూస్తావేం? రాయి. బావ వస్తే తెమ్మను, రాలేకపోతే ఇటు వచ్చే మన వాళ్ళెవరి చేతనైనా పంపమను. నాలుగూ పంపమను. ఒక్కటి కూడా అక్కడ ఉంచొద్దని రాయి."

రాశాను అక్కా. అమ్మ చెప్పింది చెప్పినట్టే రాశాను. నాన్నకి ఇంకా తెలియదు, పొలం గట్టున రాళ్ళు ఏరుతున్నాడు. ఇప్పుడే వెళ్ళి చెబుతాను. కాబట్టి బావగారికి సెలవు దొరికితే తప్పకుండా రండి, నువ్వూ బుజ్జిగాడూ కూడా. తీసుకెళ్ళడానికి కాదు, తీసుకురావడానికి. పడుకోవడానికి చోటు గురించి ఆలోచించకు, అడ్డంగా పడుకుంటే అందరం పడతాం.

బావగారికి నా నమస్కారాలు. బుజ్జిగాడికి అమ్మమ్మ ముద్దులు, మిరపకాయ అంటని చేతుల దీవెనలు. కాలనీలో అడిగిన వాళ్ళందరికీ మా వందనాలు చెప్పు. మన క్వార్టర్లోకి ఎవరొచ్చారో రాయి, గుమ్మం దగ్గర జామచెట్టుకి నీళ్ళు పోస్తున్నారో లేదో చూసి చెప్పు. నా చదువు కోసం ప్రార్థన చెయ్యి. మా కోసం బెంగపడకు. బాగానే ఉన్నాం, నిజంగా బాగానే ఉన్నాం.

నీ దీవెనలు కోరుకునే చెల్లెలు,
కరుణ